కన్నవారికి చేయూత

పాఠ్యాంశ ఉద్దేశం

వైకల్యంతో పుట్టిన పసిబిడ్డను చూసి జాలిపడనివారు ఉండరు. ఆ బిడ్డను రాత్రింబవళ్ళు పెంచుతున్న తల్లిదండ్రులను గూర్చి ఆలోచించేవారు మాత్రం అరుదు. బిడ్డకు మేలు కోరే సమాజం ముందుగా ఆ బిడ్డను మోస్తున్న చేతులకు బలమివ్వాలని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మహాభారతం అరణ్యపర్వంలో అష్టావక్రుని కథ ఉంది. ఎనిమిది వంకరలతో పుట్టిన ఆ బాలుడు పన్నెండేళ్ళ ప్రాయంలో జనకమహారాజు కొలువుకు వెళ్ళాడు. వంది అనే మహావాదిని శాస్త్రచర్చలో ఓడించాడు. వాదంలో ఓడి నీట మునిగిన తన తండ్రిని తిరిగి తెచ్చుకున్నాడు. ఈ కథ విన్నప్పుడల్లా మనం అష్టావక్రుని మేధాశక్తికి చేతులు జోడిస్తాం. కాని ఆ పన్నెండేళ్ళు అతణ్ణి పెంచినవారు ఎవరు?

అతని తల్లి పేరు సుజాత. నెలలు నిండుతున్న వేళ, ఇంట్లో ధనం లేదే, పురుడు ఎలా గడుస్తుందని ఆమె దిగులుపడింది. ధనం కోసమే భర్త కహోడుడు జనకుని కొలువుకు వెళ్ళాడు, వంది చేతిలో ఓడిపోయాడు, తిరిగి రాలేదు. పేదరికం ఒకవైపు, భర్తృవియోగం మరొకవైపు, వంకర తిరిగిన అవయవాలతో పుట్టిన బిడ్డ ఇంకొకవైపు. ఆ స్థితిలో సుజాతకు అండగా నిలిచినవాడు ఆమె తండ్రి ఉద్దాలక మహర్షి. అష్టావక్రుడు తాతనే తండ్రిగా భావిస్తూ, ఆయన ఒడిలో కూర్చుని, తనకు సమవయస్కుడైన మేనమామ శ్వేతకేతువుతో కలిసి పెరిగాడు, చదువుకున్నాడు. ఆ ఆశ్రమం, ఆ ఒడి లేకపోతే అష్టావక్రుడనే పండితుడు మనకు దక్కేవాడా అన్నది ఆలోచించవలసిన విషయం.

కథలో మరొక అంశం గమనించదగినది. బిడ్డ వంకరలకు కారణం తండ్రి కోపం. వల్లెవేతలో తప్పును ఎత్తిచూపిన గర్భస్థ శిశువును కహోడుడు శపించాడు. తల్లి దోషం అందులో లేశమైనా లేదు. కాని లోకం తీరు వేరు. బిడ్డలో ఏ లోపం కనిపించినా వేలు ముందుగా తల్లివైపే చూపుతుంది. మన భాషలోని ఒక మాట ఇందుకు సాక్ష్యం. పైపెదవి చీలి పుట్టిన బిడ్డకు ‘గ్రహణం మొర్రి’ అంటాం. గ్రహణ సమయంలో గర్భిణి బయట తిరిగినందువల్లనో, కత్తిపీట ముట్టినందువల్లనో అలా జరిగిందని దాని భావం. అంటే రోగం పేరులోనే తల్లిపై నేరారోపణ ఉన్నది! వాస్తవమేమిటి? గర్భం ధరించిన నాలుగవ వారం నుండి ఏడవ వారం లోపల పైపెదవి భాగాలు ఒకదానితో ఒకటి కలుసుకోవాలి. ఏ కారణం చేతనైనా అవి కలవకపోతే పెదవి చీలి ఉంటుంది. చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని అప్పుడప్పుడే తెలిసే కాలమది. సూర్యచంద్రుల గ్రహణాలకు దీనితో ఏ సంబంధమూ లేదు. శస్త్రచికిత్సతో పెదవిని సరిచేయవచ్చు. ఆ తల్లి మనసులో నాటుకున్న నిందను తీయడానికి మాత్రం కత్తి లేదు. అసలే కుమిలిపోతున్న తల్లిని “నీవు ఏమి చేశావు?” అని ప్రశ్నించడం గోరుచుట్టు మీద రోకటిపోటు వంటిది. కనుక ఆమెకు మనం చేయవలసిన మొదటి సాయం నింద మోపకుండా ఉండడమే.

రెండవ సాయం సకాలంలో సరియైన దారి చూపడం. పసితనంలో మెదడు ఎదిగే వేగం మరే వయస్సులోనూ ఉండదు. అందువల్ల లోపాన్ని ఎంత త్వరగా గుర్తిస్తే అంత మేలు. వినికిడినే తీసుకుందాం. నెల తిరగకముందే పరీక్ష, మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల చికిత్స లేదా వినికిడి యంత్రం అన్నది వైద్యులు పాటించే సూత్రం. మాట వినని బిడ్డకు మాట రాదు. “వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే మాటలు వచ్చాయి, కంగారెందుకు?” అని పెద్దలు ఓదార్పుగా చెప్పే మాట వల్ల ఒక్కొక్కప్పుడు విలువైన రెండు మూడేళ్ళు చేజారిపోతాయి.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు అంగన్‌వాడీలకు, పాఠశాలలకు వెళ్ళి పిల్లలను పరీక్షిస్తాయి. అవసరమైనవారిని జిల్లాస్థాయి సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతాయి. సికింద్రాబాదులో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా ఏర్పడి, అనంతరం ‘నీపిడ్’గా పేరు మార్చుకున్న సంస్థ మేధోవైకల్యం గల పిల్లలకు, వారి కుటుంబాలకు సేవలందిస్తున్నది. ఇటువంటివి ఉన్నాయని తెలియక దేవుళ్ళకు మొక్కుతూ, భూతవైద్యుల చుట్టూ తిరుగుతూ ఉన్నదంతా ఊడ్చుకున్న కుటుంబాలు ఎన్నో. చదువుకున్నవారు ఆ సమాచారాన్ని వారికి అందించినా చాలు, అది గొప్ప ఉపకారమే.

అయితే వైద్యుడు బిడ్డను చూసేది నెలకు ఒక గంట. తక్కిన కాలమంతా బిడ్డ ఉండేది ఇంట్లోనే. ఈ సత్యాన్ని ఆధారం చేసుకొని 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, పోర్టేజ్ అనే చిన్న పట్టణంలో ఒక పద్ధతి రూపొందింది. శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు వారానికొకసారి ఇంటికి వస్తుంది. ఆమె నేర్పేది ప్రధానంగా తల్లిదండ్రులకు. చెంచా పట్టుకోవడం వంటి ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీస్తారు. ఈ వారం ఒక మెట్టు, వచ్చే వారం మరొక మెట్టు. తల్లి ప్రతిదినం అభ్యాసం చేయించి, ఫలితాన్ని కాగితంపై గుర్తుపెడుతుంది. ఈ పద్ధతి అనేక దేశాలకు వ్యాపించింది. పసిబిడ్డకు తొలి గురువు తల్లిదండ్రులే అన్నది దీని సారాంశం. మరి ఆ గురువుకు తీరిక ఉన్నదా? ఓపిక మిగిలి ఉన్నదా? ఈ ప్రశ్న నాకు చాలాకాలం తోచలేదు. నా తరగతిలోని ఒక విద్యార్థిని వల్ల తోచింది.

సుమారు పదిహేనేళ్ళ క్రితం మాట. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి రోజూ మొదటి పీరియడుకు ఆలస్యంగా వచ్చేది. ఒకనాడు అందరి ఎదుట, “చదువు మీద శ్రద్ధ లేనప్పుడు కాలేజీకి ఎందుకమ్మా రావడం?” అని మందలించాను. ఆమె తల వంచుకొని నిలబడింది. సాయంత్రం స్టాఫ్‌రూమ్ దగ్గరకు వచ్చి, “సార్, పొద్దున్నే తమ్ముడికి అన్నం పెట్టాలి. గంట పడుతుంది. అమ్మ ఒక్కతే చేసుకోలేదు” అని చెప్పింది. తమ్ముడికి నాలుగేళ్ళు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకు కలిగిన హాని వల్ల కండరాలు స్వాధీనంలో లేని స్థితి. పండితుడనని పేరు పొందిన నాకు ఆ రోజు సిగ్గు వేసింది.

తరువాతి ఆదివారం నేను, నా భార్య వారి ఇంటికి వెళ్ళాము. తండ్రి ఆటో నడపడానికి వెళ్ళాడు. తల్లి బిడ్డను ఒడిలో నిటారుగా కూర్చోబెట్టుకొని, పప్పన్నం మెత్తగా మెదిపి, చెంచా కొనతో కొద్దికొద్దిగా పెడుతున్నది. తల వెనక్కి వాలకుండా ఒక చేయి పట్టి ఉంచాలి. తల వాలితే మెతుకు ఊపిరి గొట్టంలోకి జారే ప్రమాదం ఉన్నది. ఒక ముద్ద మింగేదాకా వేచి ఉండి మరొక ముద్ద. భోజనం అయ్యాక కాళ్ళకు వ్యాయామం, తరువాత బట్టలు మార్చడం, మళ్ళీ ఆకలి వేళ. ఆమె మాతో అన్న మాట నేటికీ నా చెవిలో ఉన్నది. “ఇంటికి వచ్చినవాళ్ళంతా పిల్లవాడికి ఏమైందని అడుగుతారు సార్. నువ్వు అన్నం తిన్నావా అని అడిగినవాళ్ళు లేరు.”

నా భార్య అన్నం పెట్టే విధానాన్ని ఆమె వద్దనే నేర్చుకొని, వారానికి రెండు సాయంత్రాలు ఆ బిడ్డ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. మొదట ఆ తల్లి బిడ్డను విడిచి కదలలేదు. కొన్నాళ్ళకు నమ్మకం కుదిరింది. తనకంటూ దొరికిన ఆ తొలి గంటలో ఆమె గుడికి వెళ్ళలేదు, బజారుకు వెళ్ళలేదు. పక్క గదిలో చాప పరచుకొని నిద్రపోయింది. అలసిన తల్లికి నిద్ర కంటె గొప్ప కానుక ఏమున్నది? కనుక మూడవ సాయం సమయం ఇవ్వడం. దానికి ధనం అక్కరలేదు, మనసు చాలు.

నాలుగవది తోడు. తమ వంటి కష్టమే పడుతున్న మరొక తల్లిని కలిసినప్పుడు కలిగే ధైర్యం వేయి ఉపన్యాసాల వల్ల కలగదు. ఆ బలంతోనే తల్లిదండ్రులు సంఘాలుగా ఏర్పడ్డారు. మేధోవైకల్యం గల పిల్లల తల్లిదండ్రుల సంఘాలు 1995లో ‘పరివార్’ అనే జాతీయ సమాఖ్యగా ఒక్కటైనాయి. “మా కాలం తరువాత ఈ బిడ్డకు దిక్కెవరు?” అన్నది ఇటువంటి ప్రతి కుటుంబాన్నీ పీడించే ప్రశ్న. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం గలవారి కోసం పార్లమెంటు 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టాన్ని చేసింది. పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత అవసరమైనవారికి చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించే వీలు దాని ద్వారా కలిగింది.

చట్టం ఇచ్చిన హక్కులు మరికొన్ని ఉన్నాయి. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇరవై ఒకటింటిని గుర్తించింది. నలభై శాతానికి తగ్గని వైకల్యం గల పిల్లలకు ఆరవ ఏటి నుండి పద్దెనిమిదవ ఏటి వరకు ఉచిత విద్య హక్కు అయింది. తెలుగునాట మండలాలలో వెలసిన ‘భవిత’ కేంద్రాలు ఇటువంటి పిల్లలకు చదువుతో పాటు ఫిజియోథెరపీ వంటి సేవలను చేరువ చేశాయి. కాని హక్కు కాగితంపై ఉంటే చాలదు. జనం నోట ‘సదరం’గా స్థిరపడిన వైకల్య ధ్రువపత్రం కోసం, కదలలేని బిడ్డను భుజాన వేసుకొని, ఒకనాటి కూలి పోగొట్టుకొని, ఆసుపత్రి వరుసలో నిలబడే తండ్రిని మీరు చూసి ఉంటారు. ఆయన దరఖాస్తు నింపి పెట్టడం, ఆ వరుసలో ఆయనకు బదులు కాసేపు నిలబడడం మీ వంటి యువకులకు కష్టమైన పని కాదు.

విద్యార్థులారా! మీలో కొందరి ఇళ్ళలోనే ఇటువంటి తమ్ముడో చెల్లెలో ఉండవచ్చు. మీరు చేస్తున్న సేవ ఎవరికీ కనిపించకపోవచ్చు. మీకూ చదువుకొనే సమయం, ఆడుకొనే సమయం కావాలి. ఆ సంగతి అధ్యాపకులకు చెప్పుకోవడానికి సంకోచించవద్దు. తక్కినవారు మీ వీథిలో అటువంటి ఇల్లు ఉంటే తలుపు తట్టండి. “పాపం” అనవద్దు. బిడ్డను పేరు పెట్టి పలకరించండి. తల్లి క్షేమం అడగండి. శుభకార్యాలకు ఆ బిడ్డతో సహా రమ్మని పిలవండి.

నా శిష్యురాలి తమ్ముడు నడవలేదు. ఆరేళ్ళు నిండేసరికి ఆసరాతో కూర్చోవడం, చెంచా తన చేతితో నోటిదాకా తీసుకుపోవడం నేర్చుకున్నాడు. మొదటిసారి చెంచా నోటికి చేరిన రోజున ఆ అమ్మాయి కాలేజీకి ముందుగానే వచ్చి, తరగతి గది తలుపు దగ్గర నిలబడి నాకు ఆ సంగతి చెప్పింది. అటువంటి విజయానికి జనకుని సభలో జరిగిన సన్మానమైనా సాటిరాదని నాకు అనిపించింది.

భారతకథలో చివరకు అష్టావక్రుడు సమంగా నదిలో స్నానం చేయగా అతని వంకరలన్నీ తీరిపోయాయి. ఆ నది అందరికీ దొరకదు. ఉద్దాలకుని ఆశ్రమాన్ని మాత్రం మనం ప్రతి వీథిలోనూ నిర్మించుకోవచ్చు.

కఠిన పదాలు – అర్థాలు

సమవయస్కుడు : ఒకే వయస్సు గలవాడు
లేశం : కొంచెం
భర్తృవియోగం : భర్తను ఎడబాయడం
సత్వర : త్వరితమైన
సంరక్షకుడు : కాపాడే బాధ్యత గలవాడు
సంకోచించు : వెనుకాడు

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వైకల్యం గల పిల్లల తల్లిదండ్రులకు సమాజం అందించవలసిన సాయాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. అష్టావక్రుని కథను రచయిత ఏ ప్రయోజనం కోసం గ్రహించారో చర్చించండి.

ఆ) ఈ క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. “నువ్వు అన్నం తిన్నావా అని అడిగినవాళ్ళు లేరు.”
2. “మా కాలం తరువాత ఈ బిడ్డకు దిక్కెవరు?”

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. అష్టావక్రుని తల్లి ఎవరు?
2. పోర్టేజ్ పద్ధతిలో ఉపాధ్యాయురాలు ప్రధానంగా ఎవరికి నేర్పుతుంది?
3. 2016 నాటి చట్టం ఎన్ని రకాల వైకల్యాలను గుర్తించింది?