చదివి సంతకం – ఇల్లు కొనే ముందు



సొంత ఇల్లు అందరి కోరిక. చిన్నదైనా సరే, మనదంటూ ఒక గూడు ఉండాలనుకుంటాం. నెల నెలా కిరాయి కట్టే బాధ తప్పాలనుకుంటాం. అందుకోసం చీటీలు వేస్తాం. పుస్తెలతాడు కుదువ పెడతాం. ఊళ్ళో ఉన్న అర ఎకరం కూడా అమ్ముతాం.

ఇన్నేళ్ళ కష్టాన్ని ఒక్క కాగితం నమ్మి చేతిలో పెట్టేస్తాం. ఆ కాగితం మంచిదేనా? ఎట్లా తెలుసుకోవాలి? ఈ పాఠంలో చూద్దాం.

1. ఒక అక్క కథ

మా రాత్రి బడికి ఒక అక్క వస్తుంది. హైదరాబాదు అంచున ఒక బస్తీలో ఉంటుంది. ఇంట్లోనే మిషను మీద బట్టలు కుడుతుంది. ఆమె భర్త మేస్త్రీ పని చేస్తాడు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. "పేరు వద్దు, కథ రాయి టీచరమ్మా. పది మందికి పనికొస్తది" అన్నది.

2019 ఎండాకాలంలో ఆ ఇద్దరూ 60 గజాల జాగా కొన్నారు. ఒక బ్రోకరు చూపించాడు. నేల ఎండి, చదునుగా ఉంది. ధర కూడా తక్కువ. "ఇంత అగ్గువకు మళ్ళ దొరకదమ్మా" అన్నాడు. స్టాంపు కాగితం మీద రాయించి, నోటరీ ముద్ర వేయించాడు. అక్క భర్త సంతకం పెట్టాడు. అక్కకు అప్పుడు చదువు రాదు. నిశాని పెట్టింది.

రెండు రేకుల గదులు వేసుకున్నారు. 2020 అక్టోబరులో హైదరాబాదులో పెద్ద వానలు పడ్డాయి. ఎన్నో కాలనీలు మునిగాయి. అక్క ఇంట్లోకి నడుముల లోతు నీళ్ళు వచ్చాయి. బియ్యం పోయాయి. మిషను తుప్పు పట్టింది.

తరువాత అక్క మా బడిలో చేరింది. ఏడాదిలో కూడబలుక్కొని చదవడం వచ్చింది. ఒకరోజు సంచిలోంచి ఆ కాగితం తీసింది. "టీచరమ్మా, నా ఇంటి కాగితం నేనే చదువుత" అన్నది. అందరం సంతోషంగా విన్నాం. వేలు పెట్టి ఒక్కో మాట చదివింది. 'హద్దులు' అనే చోటికి వచ్చింది.

"తూర్పు... రోడ్డు. దక్షిణం... ఖాళీ జాగా. పడమర... చె... రు... వు."

అక్కడ ఆగిపోయింది. మళ్ళీ ఒకసారి చదివింది. చెరువు.

"ఈ ముక్క మొదటి రోజు నుంచీ ఇందులనే ఉన్నదా?" అని అడిగింది. నేను తల ఊపాను. ఆమె ఇంకేమీ అనలేదు. కాగితం మడిచి లోపల పెట్టుకుంది.

2. ఆ కాగితంలో తప్పు ఏమిటి?

రెండు తప్పులు ఉన్నాయి.

మొదటిది: అది నోటరీ కాగితం. రిజిస్ట్రేషన్ కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన విలువ ఉన్న భూమి, ఇల్లు అమ్మితే ఆ పత్రం రిజిస్టరు కావాలి. నోటరీ ముద్ర వేస్తే ఆ సంతకం ఫలానా వాళ్ళదని మాత్రమే తెలుస్తుంది. జాగా మన పేరు మీదకు రాదు. జి.పి.ఎ. అనే కాగితం కూడా అంతే. దాని మీద కొంటే సొంత హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది.

రెండోది: అది చెరువు పక్క జాగా. చెరువు నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో అక్కడికి ఒక గీత గీస్తారు. దాన్ని ఎఫ్.టి.ఎల్. అంటారు. ఆ గీత లోపల ఇల్లు కట్టకూడదు. గీత బయట కూడా కొంత జాగా వదలాలి. 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువైతే 9 మీటర్లు వదలాలి. ఇది 2012లో వచ్చిన నియమం. 2024 జూలైలో హైదరాబాదులో 'హైడ్రా' అనే సంస్థను ప్రభుత్వం పెట్టింది. చెరువుల్లో కట్టిన కట్టడాలను అది కూల్చింది. కొన్నవాళ్ళు ఏడ్చారు. అమ్మినవాళ్ళు డబ్బుతో ఎప్పుడో వెళ్ళిపోయారు.

అందుకే జాగాను ఎండాకాలంలో చూస్తే చాలదు. వానాకాలంలో కూడా చూడాలి. చుట్టుపక్కల ముసలివాళ్ళను అడగాలి. "ఇక్కడ ఇదివరకు ఏముండె? నీళ్ళు ఎటు పోతయి?" అనాలి. హెచ్.ఎం.డి.ఎ. దగ్గర చెరువుల పటాలు ఉన్నాయి. వాటిలో సర్వే నంబరు పెట్టి చూపించమనాలి.

3. ఈసారి అక్క వెంట వెళ్ళింది

ఈ మధ్య ఆ అక్క చెల్లెలు ఇంటి జాగా చూసింది. 100 గజాలు. గజం 12,000 రూపాయలు. మొత్తం 12 లక్షలు. చెల్లెలు అక్కను తోడు పిలిచింది. అక్క తన బట్టలు కొలిచే టేపు, ఒక నోటు పుస్తకం, పెన్ను పట్టుకొని వెళ్ళింది.

బ్రోకరు: రాండ్రి అమ్మా. అంతా క్లియర్ ఉన్నది. ఈ రోజే రెండు లక్షలు బయానా ఇయ్యండ్రి. రేపు ఇంకొకరు కొంటున్నరు.

అక్క: కొంటే కొననీ అన్నా. ముందు కాగితాలు చూపియ్యి.

బ్రోకరు: మా మీద నమ్మకం లేదా అమ్మా?

అక్క: నమ్మకం ఉన్నది. అయినా చదువుత. చదువు వచ్చిందే అందుకు.

అక్క టేపు తీసింది. ఆ టేపు 5 అడుగులు ఉంటుంది. ఒక పక్క కొలిచింది. ఆరు టేపులు వచ్చింది. అంటే 30 అడుగులు. ఇంకో పక్క కొలిచింది. అయిదు టేపులు, మీద రెండు అడుగులు. అంటే 27 అడుగులు.

మనం కూడా లెక్క చేద్దాం.

30 × 27 = 810 చదరపు అడుగులు.
9 చదరపు అడుగులు ఒక గజం.
810ని 9తో భాగిస్తే 90 గజాలు.

బ్రోకరు చెప్పింది 100 గజాలు. ఉన్నది 90 గజాలు. 10 గజాలు తక్కువ. గజం 12,000 చొప్పున 1,20,000 రూపాయలు ఊరికే పోయేవి. ఒక టేపు ఆ డబ్బు కాపాడింది.

4. ఈ కాగితాలు అడగండి

అక్క తన నోటు పుస్తకంలో కొన్ని ప్రశ్నలు రాసుకుంది. మనమూ రాసుకుందాం.

జాగా ఎవరి పేరు మీద ఉంది? అమ్మే మనిషి పేరు మీద రిజిస్టరైన పత్రం ఉండాలి. ఆయనకు ఎవరు అమ్మారు? వాళ్ళకు ఎవరు అమ్మారు? వెనకటి పత్రాలన్నీ గొలుసులాగా కలవాలి. వీటిని లింకు డాక్యుమెంట్లు అంటారు. 30 ఏళ్ళ వెనక్కు చూడడం మంచిది. మధ్యలో ఒక కొండి లేకపోతే ఆగండి.

తాకట్టు ఉందా? దీనికి ఇ.సి. అనే కాగితం తీయాలి. ఆ జాగాను ఎప్పుడు, ఎవరు, ఎవరికి అమ్మారో అందులో ఉంటుంది. బ్యాంకులో రిజిస్టరు తాకట్టు ఉంటే తెలుస్తుంది. మీ సేవలో తీసుకోవచ్చు. బ్రోకరు ఇచ్చిన కాపీ చాలదు. మీరే తీయించండి. నోటి మాట అప్పులు, నోటరీ కాగితాలు మాత్రం ఇందులో కనిపించవు.

ఏ రకం భూమి? ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని కొనకూడదు. మన దగ్గర లావాణి పట్టా అంటారు. 1977 చట్టం ఆ భూమి అమ్మకాన్ని ఆపింది. చెరువు శిఖం భూమి, వక్ఫ్ భూమి, దేవుడి మాన్యం కూడా కొనవద్దు. ఇట్లాంటివన్నీ నిషేధ జాబితాలో ఉంటాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో సర్వే నంబరు చెప్పి అడగాలి.

లేఅవుట్‌కు అనుమతి ఉందా? పొలాన్ని ముక్కలు చేసి రాళ్ళు పాతితే ఇంటి స్థలాలు కావు. హెచ్.ఎం.డి.ఎ. లాంటి సంస్థ అనుమతి కావాలి. అనుమతి లేని ప్లాటు కొంటే ఇల్లు కట్టేటప్పుడు కష్టం. బ్యాంకు అప్పు కూడా దొరకదు.

రెరా నంబరు ఉందా? రెరా 2016లో వచ్చిన చట్టం. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్, లేదా 8 కన్నా ఎక్కువ ఫ్లాట్లున్న కట్టడం రెరాలో నమోదు కావాలి. నమోదు కాకుండా అమ్మకూడదు. ప్రకటన కూడా వేయకూడదు. 'ప్రీ లాంచ్' అని తక్కువ ధర చెప్పి ముందే డబ్బు అడుగుతారు. నంబరు లేకపోతే ఇవ్వకండి.

ఫ్లాటు కొనే అక్కలు ఇంకో రెండు చూడాలి. గోడల లోపల మనం తిరిగే జాగా ఎంత? దాన్ని కార్పెట్ ఏరియా అంటారు. మెట్లు, వరండా కలిపి చెప్పే లెక్క వేరు. భూమిలో మన వాటా ఎన్ని గజాలు? అది పత్రంలో రాసి ఉండాలి.

5. డబ్బు ఎట్లా ఇవ్వాలి?

రెరా కింద ఉన్న చోట, రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో పదో వంతు కన్నా ఎక్కువ తీసుకోకూడదు. 12 లక్షల జాగాకు అది 1,20,000. ఆ బ్రోకరు రెండు లక్షలు అడిగాడు కదా!

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. జాగా అమ్మేవాళ్ళు 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదని పన్నుల చట్టం చెబుతుంది. చేతికి ఇచ్చిన డబ్బుకు సాక్ష్యం ఉండదు. బ్యాంకు లెక్క చెరగదు.

అప్పు చేసే ముందు లెక్క వేయండి. 5 లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 15,000 వడ్డీయే పోతుంది. అసలు అట్లాగే ఉంటుంది. బ్యాంకులో 10 లక్షలు, ఏడాదికి 9 శాతం వడ్డీకి, 20 ఏళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 9,000 కిస్తీ. అసలు కూడా తీరిపోతుంది. అయినా మొత్తం సుమారు 21,60,000 కడతాం. ఇంటి ఖర్చు పోను నెలకు ఎంత మిగులుతుందో ముందే చూసుకోవాలి.

బ్యాంకు అప్పు అడగడంలో ఇంకో లాభం ఉంది. బ్యాంకు వకీలు కాగితాలు చూస్తాడు. అప్పు ఇవ్వమంటే ఎందుకో అడగండి.

రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా మరవకండి. తెలంగాణలో 2021 జూలైలో దీన్ని నూటికి ఏడున్నర రూపాయలు చేశారు. ఆ లెక్కన 12 లక్షలకు 90,000. ఈ లెక్క మారుతుంటుంది. వెళ్ళే ముందు ఆఫీసులో అడగండి.

6. రిజిస్ట్రేషన్ రోజు

ఆ రోజు అందరూ తొందర పెడతారు. "ఇక్కడ సంతకం పెట్టమ్మా, ఇక్కడ, ఇక్కడ" అంటారు. ఆగండి. ముందు చదవండి. ఇవి సరి చూడండి: మీ పేరు, సర్వే నంబరు, ఎన్ని గజాలు, ఎంత ధర, నాలుగు దిక్కుల హద్దులు. తెలియని మాట ఉంటే అడగండి. అడగడానికి సిగ్గు పడవద్దు.

ఇంకో మాట. మిషను తొక్కింది మనం. కూలికి పోయింది మనం. చీటీ కట్టింది మనం. పత్రంలో మన పేరు ఎందుకు ఉండకూడదు? భార్యాభర్తలు ఇద్దరి పేరుతో రాయించుకోవచ్చు. అప్పుడు మీ సంతకం లేకుండా ఆ ఇంటిని ఎవరూ మొత్తంగా అమ్మలేరు.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంటి పన్ను, కరెంటు మీటరు మీ పేరు మీదకు మార్పించుకోండి. పత్రాలు జిరాక్సు తీసి వేరే చోట కూడా దాచండి.

7. మోసపోతే?

ఊరుకోకండి. రెరా ఆఫీసులో ఫిర్యాదు చేయవచ్చు. పోలీసు స్టేషనుకు వెళ్ళవచ్చు. వకీలుకు డబ్బు లేదని ఆగవద్దు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళందరికీ న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ప్రతి జిల్లా కోర్టులో ఆ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. మన అక్క కూడా అక్కడికే వెళ్ళింది. దరఖాస్తు తన చేత్తో రాసింది. ఆమె సమస్య ఇంకా తీరలేదు. కాని ఇప్పుడు ఏ కాగితం మీదా నిశాని పెట్టడం లేదు.

చెల్లెలు ఆ 90 గజాల జాగా కొనలేదు. ఇంకోటి వెతుకుతోంది. "ఏం తొందర లేదు. కిరాయి ఇంట్ల ఇంకో ఏడాది ఉన్నా పర్వాలేదు" అంటోంది.

కొత్త మాటలు

హద్దు – మన జాగా ఆగే చోటు
బయానా – ముందు ఇచ్చే డబ్బు
తాకట్టు – అప్పు కోసం కుదువ పెట్టడం
శిఖం – చెరువు లోపలి భూమి
కిస్తీ – నెల నెలా కట్టే అప్పు భాగం

లెక్క చేద్దాం

1. ఒక జాగా 20 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు ఉంది. ఎన్ని గజాలు?
2. గజం 10,000 అయితే ఆ జాగా ధర ఎంత?
3. లక్ష రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి వడ్డీ ఎంత?

(జవాబులు: 80 గజాలు. 8 లక్షలు. 36,000 రూపాయలు.)

మాట్లాడుకుందాం

1. మీ ఇంటి కాగితం ఎవరి పేరు మీద ఉంది?
2. దాన్ని మీరు ఎప్పుడైనా చదివారా?
3. రేపు బడికి తీసుకురండి. నాలుగు హద్దులూ మీరే పైకి చదవండి.