గ్రూపులో పెట్టాం గదా!

పొయ్యి వెలిగించకముందే చేతిలోకి ఫోను వచ్చేస్తోంది కదా మనందరికీ. ఈసారి ఆ ముచ్చటే.

నేను మా కల్లూరు దగ్గర అంగన్‌వాడీ టీచరుగా చేరినప్పుడు, చుట్టుపక్కల సెంటర్ల టీచర్లంతా కలిసే సెక్టార్ మీటింగు ఎప్పుడో ఆయమ్మ వల్లో, బస్సులో ఎదురుపడ్డ టీచరు వల్లో తెలిసేది. ఇప్పుడన్నీ వాట్సాప్ గ్రూపులోనే. పిల్లల ఎత్తు, బరువుల లెక్క అడిగేదీ అందులోనే, తేదీలు మార్చేదీ అందులోనే. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ కూడా వచ్చాక ఫోను లేనిదే సెంటర్ పని నడవడం లేదు. మంచిదే, కాదనను. ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణికి రోజూ పోయాల్సిన 200 మిల్లీలీటర్ల పాలు నిండుకుంటున్నాయని గ్రూపులో పెడితే సాయంత్రానికల్లా జవాబొస్తోంది. ఒకప్పుడు దానికి పూటంతా తిరిగేవాళ్లం.

కానీ మొన్న వానాకాలంలో జరిగింది చెప్పాలి. బుధవారం మీటింగును మంగళవారానికి జరిపారు. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూపులో ఒక్క లైను. దాని మీద పుట్టినరోజు కేకులు, గులాబీలు, గుడ్ మార్నింగ్‌లు వరసగా పడ్డాయి. ఏన్కూరు వైపు అడవి అంచు ఊళ్లో ఒక టీచరుంది. సిగ్నల్ కావాలంటే చెరువు కట్ట ఎక్కాలి. ఆ లైను ఆమె కంట పడనే లేదు. బుధవారం పొద్దున్నే చంటిదాన్ని చంకనేసుకుని, తల్లాడలో బస్సు మారి కల్లూరు వచ్చింది. చూస్తే మీటింగు గదికి తాళం. తడిసిన కొంగుతో పిల్ల తల తుడుస్తూ మా సెంటర్లో కూర్చుని ఏడ్చింది. పైగా అడిగితే వచ్చిన జవాబు: “గ్రూపులో పెట్టాం గదా, చూసుకోవద్దూ?”

ఆ మాట నాకింకా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. గ్రూపులో పెట్టడం వేరు, మనిషికి చెప్పడం వేరు. నీలం టిక్కులు పడితే మెసేజ్ తెరిచారని తెలుస్తుంది, అంతే. అసలు టిక్కే పడని వాళ్ల సంగతేంటి?

తర్వాత మేం పదిమందిమి కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ముచ్చట్లకు ఒక గ్రూపు, పనికి ఒక గ్రూపు. పని గ్రూపులో పువ్వులూ దండాలూ వద్దు. అడ్మిన్లే మెసేజ్ పెట్టేలా మార్చుకునే వీలు వాట్సాప్‌లో 2018 నుంచీ ఉంది. మెసేజ్ పెట్టినావిడ దాన్ని నొక్కిపట్టి ఇన్ఫోలోకి వెళ్తే ఎవరు చదివారో, ఎవరికి చేరిందో పేర్లతో సహా కనిపిస్తుంది. ఆ రెంటిలోనూ పేరు లేనివాళ్లకు ఇంకా చేరలేదన్నమాట. చేరని వాళ్లకు ఫోను చేయాలి. కలవకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తతో కబురు. ఇంతా చేస్తే పది నిమిషాల పని.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అక్క కూతురు ఇది విని, వాళ్ల ఆఫీసులో మెసేజ్‌లకు వాడే స్లాక్ యాప్‌లో ఒక్కో పనికి ఒక్కో చానల్ ఉంటుందని చెప్పింది. రాత్రి మెసేజ్‌ల బాధ మాత్రం తనకీ తప్పడం లేదట. ఫ్రాన్స్‌లో దీనికి 2017 నుంచి చట్టమే ఉంది. యాభై మందికి తగ్గకుండా పనిచేసే కంపెనీలు, పనివేళలు దాటాక ఫోన్లూ మెసేజ్‌ల సంగతి ఉద్యోగులతో మాట్లాడి తేల్చుకోవాలి. అన్నం వడ్డించే వేళ, పిల్లను నిద్రపుచ్చే వేళ మనకూ ఉన్నాయి కదమ్మా.

మీలో అడ్మిన్లు ఉంటే ఒక్క మాట. చెరువు కట్ట ఎక్కి ఫోను చూసుకునే చెల్లెలు మీ గ్రూపులోనూ ఉండే ఉంటుంది. ఆమె ఎవరో ఇవాళే కనుక్కోండి. రేపు తేదీ మారితే ముందు ఆమెకు ఫోను చేసి, తర్వాతే గ్రూపులో పెట్టండి.