బొక్కల నుండి నెత్తురు దాకా

మన గోడపత్రికలో ఇప్పటిదాకా సామెతలు, పొడుపు కథలు, ముగ్గులు చాలా వచ్చినయి. ఈసారి సైన్సు పేజీ నాకు ఇచ్చిండ్రు. అందుకే మన ఒంటి గురించి రాస్తున్నాను. నర్సు కావాలని, డాక్టర్ కావాలని అనుకునేవాళ్ళు చదవండి. అనుకోనివాళ్ళు కూడా చదవండి, ఎందుకంటే ఒళ్ళు అందరికీ ఉంది.

మన బడిలో ఇంటర్ చదివిన ఒక అక్క ఇప్పుడు బీయస్సీ నర్సింగు మొదటి సంవత్సరం చదువుతోంది. దసరాకు వచ్చినప్పుడు తన పుస్తకం తెచ్చింది. ఇటుకరాయి అంత లావు ఉంది. కాలేజీలో చేరగానే మొదట చెప్పేది రెండు సబ్జెక్టులట. ఒకటి అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం. రెండోది ఫిజియాలజీ, అంటే శరీర ధర్మ శాస్త్రం. ఎంబీబీయస్ వాళ్ళకు కూడా మొదటేడు ఇవే, వీటికి తోడు బయోకెమిస్ట్రీ ఉంటది.

ఈ రెండింటికి తేడా ఏమిటని చాలామంది అడిగిండ్రు. మన ఇండ్లల్లో ఇసుర్రాయి ఉంటది కదా. కింద ఒక రాయి, మీద ఒక రాయి, నడుమ మేకు, పక్కకు పిడి. ఏది ఎక్కడ ఉంది, ఎట్ల ఉంది అని చెప్తే అది అనాటమీ. పిడి పట్టుకొని తిప్పితే జొన్నలు పిండి ఎట్ల అవుతున్నయో చెప్తే అది ఫిజియాలజీ. మొదటిది తెలియకుండ రెండోది రాదు.

ఆ పుస్తకం తెరిస్తే ముందు భయమేస్తది. అన్నీ లాటిన్, గ్రీకు పేర్లే. కానీ ఆ పేర్లకు అర్థం అడిగితే నవ్వొస్తది. మోకాలి చిప్పను పటెల్లా అంటరు, అంటే లాటిన్‌లో చిన్న పళ్ళెం. మనం చిప్ప అంటున్నం, వాళ్ళు పళ్ళెం అన్నరు, అంతే. మెడ కింద అడ్డంగా ఉండే జత్రుక ఎముకను క్లావికిల్ అంటరు, అంటే చిన్న తాళంచెవి. వెన్నుపూస చివర ఉండే ముక్కను కాక్సిక్స్ అంటరు, కోకిల అని అర్థం. ఆ ఎముక కోకిల ముక్కులెక్క వంగి ఉంటదని ఆ పేరు పెట్టిండ్రు. అన్నిటికంటే పొడుగైనది తొడ ఎముక, దాని పేరు ఫీమర్. అన్నిటికంటే చిన్నది చెవి లోపల ఉండే స్టేపిస్, 3 మిల్లీమీటర్లు ఉంటది. స్టేపిస్ అంటే గుర్రం ఎక్కేటప్పుడు కాలు పెట్టే రికాబు.

పెద్దవాళ్ళ ఒంట్లో మొత్తం 206 ఎముకలు. పుట్టిన బిడ్డకు ఇంకా ఎక్కువ ఉంటయి, పెరుగుతుంటే కొన్ని ఒకదానికొకటి అతుక్కుంటయి.

మనకు ఒక లాభం ఉంది, అది పట్నం పిల్లలకు లేదు. పండుగనాడు మేకను కోసినప్పుడు దగ్గర కూర్చుని చూసినవాళ్ళం మనం. గుండెకాయ, కార్జం, తిల్లి, ఊపిరితిత్తులు ఎక్కడెక్కడ ఉంటయో మనకు తెలుసు. కార్జం అంటే పుస్తకంలో కాలేయం, తిల్లి అంటే ప్లీహం, బొక్క అంటే ఎముక, మూలుగ అంటే అస్థిమజ్జ. మేక గుండెలో నాలుగు గదులు ఉన్నట్టే మన గుండెలో కూడా నాలుగు గదులు. మన గోండి మాటలు కూడా అక్కరకొస్తయి. చెయ్యి కయ్, కాలు కాల్, నెత్తురు నెత్తుర్. పుస్తకంలో మాత్రం రక్తం. మాట మారినా ఎరుపు మారదు.

ఎంబీబీయస్ చదివేవాళ్ళు నిజమైన శవం మీద నేర్చుకుంటరు. "దయ్యం పట్టదా?" అని మన గదిలో ఒకరు అడిగిండ్రు. బతికున్నప్పుడే కొందరు తమ శరీరాన్ని కాలేజీకి రాసిస్తరు, దాన్ని దేహదానం అంటరు. మొదటిరోజు పిల్లలు ఆ శవానికి దండం పెట్టి, గౌరవంగా చూస్తమని ప్రమాణం చేసే కాలేజీలు ఉన్నయి. కలకత్తా మెడికల్ కాలేజీలో 1836లో మధుసూదన్ గుప్తా అనే పండితుడు శవాన్ని కోసి చూపిస్తే ఊరంతా పెద్ద వార్త అయింది. వాళ్ళ కులపోళ్ళకు శవాన్ని ముట్టుడే తప్పు. ఆయన ముట్టిండు. ఇంకా ముందు, 1543లో, వెసాలియస్ అనే ఆయన తన కళ్ళతో చూసి బొమ్మలతో పుస్తకం అచ్చు వేసిండు. అంతకుముందు పదమూడు వందల ఏండ్లు గాలెన్ రాసిందే నమ్మిండ్రు. గాలెన్ కోసింది కోతులను, పందులను!

ఇంక నెత్తురు సంగతికి వస్తాను. అసలు ఈ వ్యాసం దాని కోసమే.

మూలుగ బొక్క తినేటప్పుడు లోపల మెత్తగా ఉండేదే మజ్జ. నెత్తురు పుట్టేది అక్కడే. పెద్దవాళ్ళలో రొమ్ము ఎముక, పక్కటెముకలు, వెన్నుపూసలు, తుంటి ఎముకలలో ఎర్ర రక్తకణాలు తయారవుతయి. ఒక్క సెకనుకు సుమారు 20 లక్షల కణాలు. మీరు ఈ వాక్యం చదివేలోపు కోటి పుట్టినా పుడతయి. ఒక్కో కణం 120 రోజులు బతుకుతది. అంటే జూన్‌లో బడి తెరిచిన రోజు పుట్టిన కణం దసరా సెలవుల నాటికి అయిపోతది. ముసలి కణాలను తిల్లి, కార్జం పట్టి విరగ్గొడతయి, అందులోని ఇనుమును దాచి మళ్ళీ మూలుగకు పంపుతయి. చూడండి ఎంత పొదుపో.

ఈ కణం గుండ్రంగా, రెండువైపులా నొక్కినట్టు ఉంటది. అందులో కేంద్రకం ఉండదు, హిమోగ్లోబిన్ పట్టడానికి చోటు కావాలి కదా. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు. ఒక్కో అణువు నాలుగు ఆక్సిజన్ అణువులను మోస్తది. అన్నిటికంటే సన్నని రక్తనాళం ఈ కణం కంటే కూడా ఇరుకు. అయినా కణం వంగి, మడతపడి దూరిపోతది. ఈ వంగే గుణం గుర్తు పెట్టుకోండి, తర్వాత దానితో పని ఉంది.

గుండె లెక్క కూడా చెయ్యండి. పెద్దవాళ్ళ గుండె ఒకసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల నెత్తురు బయటికి పోతది. నిమిషానికి 72 సార్లు. 70ని 72తో గుణిస్తే 5040, అంటే ఐదు లీటర్లు. మన నీళ్ళ డ్రమ్ము 200 లీటర్లది, గుండె దాన్ని 40 నిమిషాలలో నింపుతది. మరి ఒంట్లో ఉన్నదే ఐదు లీటర్లు అయితే ఇంత ఎక్కడి నుండి వస్తోంది? తిన్న అన్నంతో కార్జంలో ఎప్పటికప్పుడు కొత్త నెత్తురు తయారై ఖర్చయిపోతదని పాతకాలం వాళ్ళు అనుకున్నరు. ఇంగ్లండులో విలియం హార్వే ఇలాంటి లెక్కే వేసి, అంత నెత్తురు ఏ తిండితోనూ రాదు, ఉన్నదే తిరిగి తిరిగి వస్తోందని 1628లో పుస్తకం రాసిండు. లెక్కలంటే పారిపోయేవాళ్ళు ఇది చూడాలి!

మన వయసు ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకుండ ఉండాలి. తగ్గితే రక్తహీనత. 2019–21లో దేశమంతా చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 19 ఏండ్ల ఆడపిల్లలు వందలో 59 మందికి రక్తహీనత ఉంది. మెట్లు ఎక్కితే ఆయాసం, స్టడీ అవర్‌లో నిద్ర, ప్రార్థనలో కళ్ళు తిరుగుడు, ఇవన్నీ బద్ధకం కాదు. వారానికి ఒకసారి ఇచ్చే నీలం గోళీ ఇందుకే. గోడ వెనక పుంటికూర మడిలో ఆ గోళీలు దొరుకుతున్నయి, ఎవరు పారేస్తున్నరో నేను రాయను. దొడ్డికి నల్లగా వస్తదని భయపడుతున్నరట. ఒంటికి పట్టని ఇనుము అట్ల బయటికి పోతది, అంతే. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ. ఉసిరికాయో జామకాయో తింటే ఇనుము బాగా పడుతది, చాయ్ తాగితే పట్టదు. నులిపురుగుల గోళీ కూడా దీనికి సంబంధించిందే, కొంకి పురుగులు పేగు గోడను పట్టుకొని నెత్తురు తాగుతయి.

అయితే ఇనుము గోళీతో నయం కాని రక్తహీనత ఒకటి ఉంది. అది మన ఆదివాసీలలో ఎక్కువ. దాని పేరు సికిల్ సెల్, తెలుగులో కొడవలి కణ వ్యాధి.

హిమోగ్లోబిన్‌ను పూసల దండ అనుకోండి. నాలుగు దండలు కలిసి ఒక అణువు. అందులో బీటా అనే దండలో 146 పూసలు. ఈ వ్యాధిలో ఆరో పూస ఒక్కటి మారుతది. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వేలిన్ ఉంటది. 145 పూసలు సరిగ్గానే ఉన్నయి, ఒక్కటే వేరు! ఆ ఒక్కదానివల్ల ఆక్సిజన్ తగ్గినప్పుడు అణువులు ఒకదానికొకటి అంటుకొని కడ్డీలవుతయి. గుండ్రటి కణం కొడవలిలెక్క వంగి గట్టిపడతది. ఇందాక చెప్పిన సన్నని నాళంలో అది దూరలేదు. వెనక వచ్చే కణాలు ఆగిపోతయి. ఆగిన చోట భరించలేని నొప్పి. కీళ్ళు, నడుము, ఛాతీ, ఎక్కడైనా రావచ్చు. ఈ కణాలు 10 నుండి 20 రోజులే బతుకుతయి, మూలుగ ఎంత చేసినా చాలదు.

అమెరికాలో హెరిక్ అనే డాక్టర్ 1910లో దీన్ని మొదట రాసిండు. మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసీలలో కనిపెట్టిండ్రు.

మా చిన్నమ్మ బిడ్డ వేరే బడిలో ఆరో తరగతి. చలికాలం తెల్లారి చన్నీళ్ళ స్నానం చేసినంక కాళ్ళు పట్టుకొని ఏడ్చేది. "పని దొంగ, ఊడ్చే వంతు వచ్చినప్పుడే నొప్పి వస్తది" అన్నరు. మూడోసారి ఆస్పత్రికి తీసుకపోయి పరీక్ష చేస్తే ఎస్ ఎస్ అని వచ్చింది. అంటే అమ్మ దగ్గర నుండి ఒకటి, నాయన దగ్గర నుండి ఒకటి, రెండు జన్యువులూ వచ్చినయి. ఇప్పుడు రోజూ ఫోలిక్ ఆమ్లం గోళీ, డాక్టర్ రాసిన హైడ్రాక్సీయూరియా వేసుకుంటోంది. నొప్పులు తగ్గినయి. మళ్ళీ బడికి పోతోంది.

తర్వాత మా ఇంట్లో అందరికీ పరీక్ష చేసిండ్రు. నా కాగితంలో ఏ ఎస్ అని ఉంది. ఒక జన్యువు మాత్రమే ఉంది, నన్ను వాహకురాలు అంటరు. నాకు జబ్బు లేదు. ఇది గోడ మీద రాయాలా వద్దా అని ఆలోచించిన. నా పక్కన పడుకుంటే అంటుకుంటదా అని అడుగుతున్నరు కాబట్టి రాస్తున్న. అంటుకోదు. పళ్ళెం, దుప్పటి, దువ్వెన, దేనితోనూ రాదు. తల్లిదండ్రుల నుండి తప్ప ఇంకో దారి లేదు. దేవుని కోపం కాదు, ఎవరూ చేసిన చేతబడి కాదు. తల్లి, తండ్రి ఇద్దరూ ఏ ఎస్ అయితే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు జబ్బు రావచ్చు, రెండు వంతులు నాలెక్క కావచ్చు, ఒక వంతు ఏమీ ఉండదు. పెండ్లికి ముందు ఇద్దరి కాగితాలు చూడమనేది అందుకే.

మరి ఈ జన్యువు మన దగ్గరే ఎందుకు మిగిలింది? మలేరియావల్ల. ఏ ఎస్ ఉన్నవాళ్ళను మలేరియా అంత సులువుగా చంపలేదని ఆంథొనీ ఆలిసన్ 1954లో ఆఫ్రికాలో చూపించిండు. అడవిలో దోమల మధ్య బతికిన మన తాతముత్తాతలను అది కాపాడింది. మలేరియా దోమ ద్వారా వస్తదని రోనాల్డ్ రాస్ 1897లో తెలుసుకున్నది మన సికింద్రాబాద్‌లోనే. ఆయన దోమ కడుపు కోసి చూసిండు, అది కూడా అనాటమీయే.

2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏండ్ల లోపు ఏడు కోట్లమందికి పరీక్షలు చెయ్యాలని లెక్క పెట్టుకుంది. మన బడికి వచ్చినప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోకండి. వేలి మీద చిన్న సూది, అంతే.

వార్డెను మేడమ్‌గారికి మనవి. ఎస్ ఎస్ ఉన్న పిల్లలకు చలికాలంలో వేడినీళ్ళు ఇప్పించండి. చలి, నీళ్ళు తక్కువ తాగుడు, జ్వరం, బాగా అలసిపోవుడు, వీటితోనే నొప్పి మొదలవుతది. రాత్రి గదుల్లో తాగేనీళ్ళ కుండ పెట్టించండి, ఇప్పుడు వరండా చివరిదాకా పోవడానికి చిన్నపిల్లలు భయపడి దాహంతోనే పడుకుంటున్నరు. నొప్పి అన్నవాళ్ళను తెల్లారేదాకా ఆపకుండ, ముఖ్యంగా జ్వరం గాని ఛాతీ నొప్పి గాని ఉంటే, వెంటనే ఆస్పత్రికి పంపించండి. పరీక్ష కాగితం ఉన్నవాళ్ళు దాని నకలు ట్రంకు పెట్టె మూత లోపల అంటించుకోండి, నేను అంటించుకున్న. ఎముకల బొమ్మ రెండో చార్టు మీద గీసిన, దీని కింద కట్టి ఉంది. పేర్లు తుడుచుకుపోకుండ చేత్తో రాయకండి, పుల్లతో చూపించుకోండి.

— 9వ తరగతి విద్యార్థిని