చూసి రావడానికి నువ్వు చుట్టానివా?

చిట్టీ,

"నేనేం తప్పు చేశాను పెద్దమ్మా?" అని అర్ధరాత్రి మెసేజ్ పెట్టావు. బాబు నెలలు నిండకుండా పుట్టడానికి కారు నడిపానని, మెట్లెక్కానని, బొప్పాయి ముక్క తిన్నానని లెక్కలు వేసుకుంటున్నావు. ఆపెయ్. కెనడాలో పుట్టే పిల్లల్లో నూటికి ఎనిమిది మంది దాకా 37 వారాలు నిండకుండానే పుడుతున్నారు. చాలాసార్లు కారణం డాక్టర్లకే దొరకదు. నీకు బొప్పాయిలో దొరికిందా?

ఎనిమిదో నెల పిల్లలు నిలవరని ఎవరో అన్నారట. శుద్ధ అబద్ధం. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే. మీవాడు 33 వారాలు లోపలున్నాడు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది నీ ఇంకో మాట. ఆసుపత్రిలో ఉన్న బాబును "రోజూ వెళ్లి చూసొస్తున్నా" అన్నావు. ఈ దేశంలో నిజంగానే ఒక తల్లిని అలా చుట్టాన్ని చేసేశారు. 1934 మేలో ఒంటారియోలోని కాలండర్ దగ్గర ఒక రైతు భార్య ఎల్జీర్ డియోన్‌కు రెండు నెలల ముందే, ఒకే కాన్పులో ఐదుగురు ఆడపిల్లలు పుట్టారు. ఐదుగురూ కలిపి ఆరు కిలోలు. అందరూ బతికారు. ప్రభుత్వం వాళ్లను తన సంరక్షణలోకి తీసుకుని, ఇంటికి రోడ్డవతల వేరే ఆసుపత్రిలో పెంచి, లక్షల మందికి వింతలా చూపించింది. పిల్లలు మళ్లీ ఇంటివాళ్లతో కలిసింది 1943లో. అన్నేళ్లూ ఆ తల్లి మనసెలా ఉందని ఎవరడిగారో!

అదే ఒంటారియోలో, టొరంటో మౌంట్ సైనాయ్ ఆసుపత్రి డాక్టర్ షూ లీ వేరే దారి పట్టారు. ఎస్టోనియాలోని టాలిన్‌లో నర్సులు చాలక 1979 నుంచి తల్లులే తమ పసికందుల్ని చూసుకునేవారు. ఆయన ఆ పద్ధతినే ఇక్కడికి తెచ్చారు. తల్లో తండ్రో రోజుకు ఆరు గంటలైనా బిడ్డ దగ్గరుండాలి. డైపర్ మార్చడం, పాలు పట్టడం, రౌండ్సులో బిడ్డ సంగతి డాక్టర్లకు చెప్పడం, అన్నీ వాళ్లే. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రుల్లో పోల్చి చూసి 2018లో ఫలితాలు ప్రచురించారు. పిల్లలు బాగా బరువు పెరిగారు, తల్లిదండ్రుల్లో ఒత్తిడీ ఆందోళనా తగ్గాయి.

అంచేత రేపు నర్సుతో చెప్పు, డైపర్ నేను మారుస్తానని. కంగారూ కేర్‌కి వాణ్ణి ఎప్పుడు నీ గుండెల మీద పడుకోబెడతారో అడుగు. మానిటర్ మోగినప్పుడల్లా ప్రాణం పోతోందన్నావు కదా, ఏ మోతకు కంగారు పడాలో, దేనికి అక్కర్లేదో ఆవిడ చేతే చెప్పించుకో.

బాలింత ఏడిస్తే కళ్లు పాడవుతాయని మీ అత్తగారి బెంగ. ప్రేమతోనే అంటారులే. నేను మాత్రం ఏడుపొస్తే ఏడవమంటాను. అయితే రెండు వారాలు దాటాక కూడా గుబులు తగ్గకపోయినా, బిడ్డ మీద మనసు పోకపోయినా, అవకాశమున్నా నిద్ర పట్టకపోయినా అది జబ్బు కావచ్చు. నెలలు నిండకుండా కన్న తల్లుల్లో అది మరీ ఎక్కువ. దాన్ని కనిపెట్టడానికి ఎడిన్‌బర్గ్ ప్రశ్నలని పది ప్రశ్నల కాగితం ఇస్తారు. మనవాళ్ల అలవాటుగా అన్నిటికీ "బాగున్నాను" అని టిక్కు పెట్టకు. పదోది, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. అలాంటి ఘడియ వస్తే ఏ వేళైనా 988కి ఫోన్ చెయ్యి, ఆ వెంటనే నాకు.

అల్లుణ్ణి కూడా ఎలా ఉన్నావని ఒకసారి అడుగు. మగవాళ్లు పార్కింగ్ ఖర్చుల గురించి మాట్లాడుతూ అసలు సంగతి దాటేస్తారు.

ఇ.ఐ. (ఉద్యోగ బీమా) సంగతి మర్చిపోకండి. బిడ్డ ఆసుపత్రిలో ఉంటే అందులోని ప్రసూతి భత్యం 15 వారాలూ తీసుకునే గడువు పొడిగిస్తారు, వారాలు మాత్రం పెరగవు. సర్వీస్ కెనడాకి అల్లుడు ఫోన్ చేస్తాడు, నువ్వు కాదు. బారసాల ఇరవై ఒకటో రోజనే పట్టింపు వద్దు, వాడు ఇంటికొచ్చాకే. అమ్మ టికెట్ ముందుకు జరిపించే పని నేను చూస్తున్నా. శనివారం పప్పు, కాకరకాయ వేపుడు తెస్తాను. లోపలికి రానివ్వకపోతే లాబీలో ఇచ్చిపోతా.

పెద్దమ్మ