వెనిస్‌లో ఒక రోజు

ఇవాళ పాఠ్యపుస్తకం మూసి ఇటలీలోని వెనిస్ నగరం చూసివద్దాం, రండి. మన రైలు దాదాపు నాలుగు కిలోమీటర్ల వంతెన మీదుగా ఒక ఉప్పునీటి సరస్సును దాటుతుంది. అది మన పులికాట్ వంటిదే: సన్నని ఇసుకదిబ్బలు సముద్రం నుండి వేరు చేసిన లోతులేని నీరు. ఊరు ఆ సరస్సు మధ్య బురద దీవుల మీద ఉంది. స్టేషను మెట్లు దిగితే ఎదురుగా పెద్ద కాలువ. ఇక్కడ సిటీబస్సూ పడవే, అంబులెన్సూ పడవే.

ముందుగా రియాల్టో వంతెన. 1591లో పూర్తయింది. ఈ రాతి వంతెన బరువంతా బురదలో దిగగొట్టిన వేలాది కొయ్య గుంజల మీద ఉంది. నాలుగు వందల ఏళ్ళు నానిన కొయ్య కుళ్ళిపోవద్దూ? మీ ఊరి చెరువులో పాతిన పాత గుంజ ఏదైనా పీకినప్పుడు గమనించండి. గాలీ తేమా రెండూ తగిలే చోట అది పుచ్చి ఉంటుంది. లోతున బురదలో ఉన్న కొస గట్టిగానే ఉంటుంది. కట్టెను తినే బూజు జాతులకు తేమ ఒక్కటే చాలదు, ఆక్సిజన్ కావాలి. బురదలో అది దొరకదు. ఆక్సిజన్ లేకున్నా కట్టెను కొరికే బాక్టీరియాలు కొన్ని లేకపోలేదు. కాని వాటి పని బహు నెమ్మది.

మధ్యాహ్నమైంది, దాహం వేస్తోందా? చుట్టూ నీరే గాని గుక్కెడు తాగలేం. అందుకే ప్రతి చిన్న కూడలిలోనూ ఒక బావి కనిపిస్తుంది. ఇవి ఊటబావులు కావు. పెద్ద గొయ్యి తవ్వి, లోపల బంకమట్టి మెత్తి, ఇసుక నింపి, నడుమ ఇటుకల బావి కట్టేవారు. కూడలిలో పడ్డ వాన ఇసుకలో వడపోతకు గురై బావిలో చేరేది. 1884లో కుళాయి నీరు వచ్చాక వీటి పని తీరింది. నాకైతే రాజభవనాలకన్నా ఈ బావులే ముచ్చటగా ఉంటాయి.

వాన నీరు తాగినన్నాళ్ళు నేలకు హాని లేదు. 1950 తరువాత ఎదుటి ఒడ్డున కర్మాగారాలు లోతైన బోర్లతో భూగర్భజలం విపరీతంగా తోడాయి. నీరు పోయిన బంకమట్టి పొరలు అణగారి, ఊరు సుమారు 10 సెంటీమీటర్లు కుంగింది. 1970 తరువాత తోడడం తగ్గించారు; నేల లేచింది రెండు సెంటీమీటర్లే. ఒకసారి నలిగిన బంకమట్టి మళ్ళీ ఉబ్బదు మరి! మరోపక్క సముద్రమట్టం పెరుగుతూనే ఉంది.

సాయంత్రానికి సెయింట్ మార్క్ చౌకు చేరాం. గంటగోపురం 1902లో కూలింది, 1912లో మళ్ళీ లేపారు. 1609లో గెలీలియో తన దూరదర్శిని తెచ్చి నగర పెద్దలకు చూపినది పాత గోపురం మీదనే. 1966 నవంబరు 4న పోటు 194 సెంటీమీటర్లకు చేరి ఊరంతా మునిగింది. ఇప్పుడు సరస్సు మూడు ముఖాల వద్ద 78 ఉక్కు తలుపులున్నాయి. నీటితో నింపితే అడుగున పడుకుంటాయి. గాలి పంపి నీటిని వెళ్ళగొడితే తేలి నిలబడతాయి. బకెట్టు నీటిలో మునిగిన సీసాలోకి గొట్టంతో ఊది చూడండి, తెలుస్తుంది. 2020 అక్టోబరు 3న మొదటిసారి పోటును ఆపాయి.

అయితే పోటు 110 సెంటీమీటర్లు దాటుతుందన్నప్పుడే వాటిని లేపాలన్నది నియమం. ఈ చౌకు అంతకన్నా పల్లం. అదిగో, రాతిపలకల నడుమ మురుగుతూముల్లోంచి నీరు ఉబుకుతోంది. చెప్పులు తడవకముందే రేవుకు నడవండి; రైలుకు ఇంకా వ్యవధి ఉంది.