వ్యవసాయ విద్యలో వీడియో కాన్ఫరెన్స్: పొలాన్ని తరగతి గదికి చేర్చే విధానం

దృశ్య మాధ్యమం ద్వారా వ్యవసాయ బోధన తెలుగు నేలకు కొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు సాగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (సైట్) ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు చేరింది. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే గ్రామంలోని ప్రేక్షకుడు తెరను చూడగలిగాడే గాని దానిని ప్రశ్నించలేకపోయాడు. వీడియో కాన్ఫరెన్స్ ఆ కొరతను తీర్చింది. తెలంగాణలో 2024 మార్చి 6న ప్రారంభమైన రైతునేస్తం కార్యక్రమం తొలి దశలో 110 రైతు వేదికలను శాస్త్రవేత్తలతో అనుసంధానించింది. ఇదే సాధనంతో రైతు పొలాన్ని విద్యార్థుల వద్దకు కూడా చేర్చవచ్చు.

తెగుళ్ల పాఠం జరిగే రోజున పొలంలో ఆ తెగులు ఉండకపోవచ్చు. తెగులు సోకిన రోజున తరగతిలో మరో పాఠం సాగుతుండవచ్చు. అందువల్ల విద్యార్థి తరచుగా ఎండిన నమూనాలకు, చిత్రపటాలకు పరిమితమవుతున్నాడు. జగిత్యాల జిల్లా పొలాసలోని వ్యవసాయ కళాశాల తరగతిని పెద్దపల్లి జిల్లా కాల్వ శ్రీరాంపూర్‌లోని ఒక వరి పొలంతో కలపడాన్ని ఉదాహరణగా తీసుకుందాం. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థి రైతుతో కలిసి పొలంలో నిలబడతాడు. ఆకుల కొనలు, అంచులు ఎండుతున్నాయి. ఇది బాక్టీరియా ఎండాకు తెగులా, పొటాష్ లోపమా?

తరగతి అనుసరించదగిన క్రమం:

1. ఉపాధ్యాయుడు సమాధానం చెప్పరాదు. వరి రకం, వేసిన ఎరువులు, తేదీలు, ఇటీవలి గాలివానలు, నీటి నిలువ గురించి విద్యార్థులే రైతును అడగాలి.

2. పొలమంతటినీ, తరువాత ఒక దుబ్బును, ఆ పైన ముదురు, లేత ఆకులను వేర్వేరుగా చూపించమనాలి. పొటాష్ లోప లక్షణాలు ముందుగా ముదురు ఆకులలో కనిపిస్తాయి.

3. పచ్చభాగం మిగిలి ఉన్న తెగులు ఆకును కత్తిరించి, గాజు గ్లాసులోని తేటనీటిలో ఉంచమనాలి. వెనుక నల్లని గుడ్డ పట్టాలి. కొద్ది నిమిషాలలో కోసిన అంచు నుండి పాలవంటి ద్రవం వెలువడితే అది బాక్టీరియా తెగులని భావించవచ్చు.

ఆకు రంగు మారిందని రైతు యూరియా వేస్తే ఈ తెగులు మరింత ఉధృతమవుతుంది. పైపాటుగా వేసే నత్రజనిని ఆపమనడమే ఇక్కడ తొలి సలహా. పొరపాటు నిర్ణయానికి విద్యార్థి పోగొట్టుకునేది కొన్ని మార్కులైతే, రైతు పోగొట్టుకునేది పంట.

ఈ విధానానికి పరిమితులున్నాయి. కెమెరా రంగులను యథాతథంగా చూపదు; మట్టి తేమ, వాసన, మొవ్వు లాగినపుడు ఊడివచ్చే తీరు తెరపై తెలియవు. సంకేతం అందని చోట ముందుగా తీసిన దృశ్యాలు సిద్ధంగా ఉంచుకోవాలి. ద్రవం వెలువడకపోతే మట్టి పరీక్ష, ప్రయోగశాల పరీక్ష జరిగే వరకు నిర్ధారణను వాయిదా వేయాలి. తుది ఫలితాన్ని తరగతితో పాటు రైతుకూ తప్పక తెలియజేయాలి.

కావున వీడియో కాన్ఫరెన్స్ ఉపన్యాసాన్ని దూరానికి పంపే సాధనంగా మిగిలిపోరాదు. పొలంలో ఏమి చూడాలో, ఏమి అడగాలో, ఎప్పుడు నిర్ణయాన్ని ఆపుకోవాలో నేర్పినపుడే అది తరగతి బోధనను సుసంపన్నం చేయగలదు. క్షేత్ర సందర్శనకు అది ప్రత్యామ్నాయం కాదు, పూర్వాభ్యాసం.