పల్లవి సంఘం నోట వినిపించాలి

శనివారం రాత్రి దాకా ప్రొద్దుటూరు బంగారు అంగట్లో నిలబడిన గుమాస్తా, జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగిన నర్సమ్మ, పులివెందుల చీనీ తోటలో మందు కొట్టి వచ్చిన పిల్లవాడు. ఆదివారం ఆరాధనలో కీబోర్డు, ప్యాడ్లు, మైకు పట్టేది ఇట్లాంటివాళ్లే. సాధనకు దొరికేది ఒక్క గంట.

ఆ గంటలో ముందు శ్రుతి చూసుకోండి. ఒక క్రిస్మస్ ఆరాధనలో నా గొంతు బాగా పలికే శ్రుతిలో కీర్తన ఎత్తుకున్నాను. రెండో చరణానికి ముందువరుస అవ్వ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. దేవునితో మాట్లాడటానికి వచ్చిన మనిషిని నా పాట వినేదాన్ని చేశాను. ఇప్పుడు ట్రాన్స్‌పోజ్‌లో రెండు దించి, ఇంట్లో పెద్దవాళ్లచేత ఒక చరణం పాడించి చూస్తాను.

తర్వాత మాటలు. బాణీ లేకుండా పాటను ఒకసారి బయటికి చదవండి. దేవుడు ఎవరో, ఏం చేశాడో అందులో ఉందా? అంతా నా బాధ, నా విజయమే అయితే దాని పక్కన ఒక పాత కీర్తన పెట్టండి. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఇందుకు పనికొస్తాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం, తాళం పైనే అచ్చువేసి ఉంటాయి. చిన్నప్పటినుంచి చెవిన పడిన రాగం కాబట్టి, చదువు రానివాళ్లూ పల్లవి అందుకుంటారు.

భక్తి ఉంటే చాలు, సాధన ఎందుకనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం ఆలయ గాయకులను 288 మందిగా లెక్కపెట్టి, వాళ్లు నేర్పరులని చెబుతుంది. వేళ్లు తడబడితే అందరి చూపూ మనమీదికే వస్తుంది.

డబ్బుకు వాయించేవాళ్లు తేదీ ఒప్పుకునే రోజే మొత్తం మాట్లాడుకోండి. ఆ లెక్క మనసులో నలుగుతుంటే ప్రార్థనలో నిలబడలేం.

మిక్సర్ దగ్గరున్న తమ్ముడికి ఒక మాట: ఎకో తగ్గించు. ఆఖరి చరణంలో ప్యాడ్లు ఆపించి, మైకు సౌండు దించి విను. జనం గొంతు వినబడకపోతే, వచ్చే వారం ఆ పాటనే ఇంకాస్త కింది శ్రుతిలో పెట్టండి.